పత్తి తేలికే, దాని ఎత్తు తేలిక కాదు

సాయంత్రం ఐదున్నర. నల్లరేగడి చేలో ఆఖరి సాలు ఏరడం అయిపోయింది. గట్టు పక్కన ట్రాలీ నిలబడి ఉంది. నాలుగు మూలలా వెదురు బొంగులు నాటి, చుట్టూ పాత పరదాలు కట్టారు. లోపల ఇద్దరు కుర్రాళ్లు పత్తిని తొక్కుతున్నారు. కింద నుంచి ఒక్కో మూట పైకి విసిరేకొద్దీ తెల్లటి కుప్ప లేస్తోంది. డబ్బా అంచు దాటింది. డ్రైవర్ తల దాటింది. చివరికి తాడు బిగించి కట్టారు. అప్పుడు మొదలైంది అసలు ఎక్కుడు. పొద్దున్నుంచి నడుం వంచి పత్తి తీసిన ఆడవాళ్లు టైరు మీద కాలు మోపి, ఒకరి చెయ్యి ఒకరు అందుకుని కుప్ప మీదికి చేరారు. చేతుల్లో ఖాళీ టిఫిన్ డబ్బాలు. ఒకామె ఒళ్లో నిద్రపోతున్న పిల్లాడు. "మెల్లగ పోనియ్యి బిడ్డా" అంది ఒక పెద్దమ్మ. డ్రైవర్ తల ఊపి గేరు వేశాడు.

అక్టోబరు నుంచి జనవరి దాకా ఆదిలాబాద్ నుంచి ఆదోని దాకా పత్తి పండే ఏ ఊరి పొలిమేరలో నిలబడినా ఈ దృశ్యం కనిపిస్తుంది. రోజూ చూసేది కాబట్టి ఇందులో ఎవరికీ తప్పు తోచదు. మెత్తగా పరుపు మీద కూర్చున్నట్టు ఉంటుంది కదా, పడితే మాత్రం ఏమవుతుందిలే అనిపిస్తుంది. ఈ హెచ్చరిక ఆ పరుపు గురించే.

2018 ఏప్రిల్ 6న నల్లగొండ జిల్లా పీఏపల్లి మండలంలో మిరప తోటకు వెళ్తున్న కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడింది. తొమ్మిది మంది మహిళలు చనిపోయారు. మూడు నెలలైనా తిరగకుండా అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర మరో ట్రాక్టర్ ట్రాలీ మూసీ కాలువలో బోల్తా కొట్టింది. 15 మంది వ్యవసాయ కూలీలు పోయారు. దాదాపు అందరూ ఆడవాళ్లే. 2020 మే 14న ప్రకాశం జిల్లా రాపర్లలో మిరపకాయలు కోసి ఇంటికొస్తున్న కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని గుద్దింది. తీగలు మీద పడి తొమ్మిది మంది బలయ్యారు. ప్రతిసారీ మంత్రులు వచ్చారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు, నాలుగు రోజులు పోలీసులు ట్రాక్టర్లను ఆపారు. ఐదో రోజు నుంచి ట్రాలీలు యథావిధిగా నిండాయి.

ఆ ట్రాలీల్లో పత్తి లేదు, మనుషులే ఉన్నారు. పత్తి కాలంలో మనుషుల కింద పత్తి కూడా చేరుతుంది. అందుకే ఈ నాలుగు నెలల గురించి ప్రత్యేకంగా చెప్పాల్సి వస్తోంది.

తేలిక అనే భ్రమ

క్వింటా వడ్లు రెండు బస్తాల్లో ఇమిడిపోతాయి. ట్రాలీ అడుగున ఒక వరుస పరిస్తే అయిపోతుంది. క్వింటా పత్తికి దానికి ఎన్నో రెట్లు చోటు కావాలి. బరువు చాలకముందే డబ్బా నిండిపోతుంది. కిరాయి గిట్టాలంటే ఇంకా వేయాలి. పక్కలకు పోయే వీల్లేదు కాబట్టి పైకి పోతారు. ఇసుకైతే టైర్లు నలిగి, ఇంజను మూలిగి, బరువు ఎక్కువైందని బండే చెబుతుంది. పత్తి విషయంలో బండి ఏమీ చెప్పదు. ఇంజను హాయిగా లాగుతుంది. ట్రాలీని పడగొట్టడానికి మోయలేనంత బరువే అక్కర్లేదు. ఉన్న బరువు ఎంత ఎత్తున ఉందన్నదే ముఖ్యం.

బడిలో గరిమనాభి అని చదువుకున్నాం. బండి బరువంతా ఒక్కచోట కూడినట్టు ఉండే బిందువు అది. ఆ బిందువు నుంచి నిట్టనిలువుగా ఒక గీత గీస్తే అది రెండు చక్రాల మధ్య నేలను తాకినంతసేపు బండి నిలబడుతుంది. గీత చక్రం బయటికి జరిగిందా, ఇక ఆపగలిగినవాడు లేడు.

ఒక ఉజ్జాయింపు లెక్క చూడండి. ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య ఐదడుగుల దూరం ఉన్న ట్రాలీ అనుకుందాం. గరిమనాభి నాలుగడుగుల ఎత్తులో ఉంటే, ఒక పక్క చక్రం రెండో దానికన్నా సుమారు రెండున్నర అడుగులు కిందికి దిగితే తప్ప నిలబడి ఉన్న బండి పడదు. అదే ఆరడుగుల ఎత్తుకు పోతే రెండడుగుల లోపే చాలు. ఇది కాగితం మీది లెక్క, బండి కదలకుండా ఉన్నప్పటి లెక్క. టైరులో గాలి తక్కువై ఒక పక్కకు ఒరిగినా, పత్తి ఒకవైపు జారినా, మలుపులో వేగంగా తిప్పినా అంత కూడా అక్కర్లేదు. కాలువ కట్ట అంచు విరిగితే ఏర్పడే గుంత, తారురోడ్డు దిగి మట్టిబాటలోకి తిరిగేచోట ఉండే జారుడు చాలు.

ఇప్పుడు ఆ కుప్ప మీద కూర్చున్నవాళ్లను లెక్కలోకి తీసుకోండి. ఒక్కొక్కరు యాభై కిలోలనుకున్నా ఇరవై మంది కలిస్తే టన్ను. బండిలో అన్నిటికన్నా ఎత్తైన చోట పెట్టిన టన్ను అది. పత్తి మూట కనీసం పెట్టినచోట ఉంటుంది. మనుషులు ఉండరు. బండి ఒరగగానే అందరూ ఒక్కసారి ఒకే పక్కకు జారతారు, లేదా భయపడి ఒకరినొకరు పట్టుకుంటారు. పడబోయే బండిని ఆ కదలికే పడేస్తుంది. పడ్డాక పరుపు అనుకున్న పత్తే మీద పడుతుంది. దాని కింద చిక్కినవాళ్లకు ఊపిరాడదు. కాలువలో అయితే తిరగబడ్డ డబ్బా నీళ్ల మీద మూతలా బోర్లా పడుతుంది. ఈత వచ్చినవాళ్లు కూడా దాని కింద నుంచి బయటికి రాలేరు.

"మా తాతల నాటి నుంచీ బండ్ల మీద ఇంతెత్తు గడ్డి వేసుకుని తిరగలేదా?" అని పెద్దలు అడుగుతారు. తిరిగారు, నిజమే. ఆ బండిని లాగింది ఎడ్లు. మనిషి నడిచే వేగం దాటలేదు. మలుపు తిరిగేటప్పుడు బండిని పక్కకు తోసే బలం వేగంతోపాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆ తోపు నాలుగింతలు. గంటకు ఐదు కిలోమీటర్లు నడిచిన బండి పాతికకు చేరితే ఇరవై అయిదింతలు. ఎత్తు పాతదే, వేగం కొత్తది. పాత అలవాటుకు కొత్త వేగం తోడైనచోటే ప్రమాదం ఉంది.

అమెరికా పాత యంత్రం చెప్పే పాఠం

పత్తికీ బోల్తాకీ ఉన్న ఈ చుట్టరికం మన ఒక్కరిదే కాదు. అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం క్లార్క్స్‌డేల్ దగ్గరి హాప్సన్ తోటలో 1944 అక్టోబరు 2న ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ పత్తి తీసే యంత్రాలను చూడటానికి జనం విరగబడ్డారు. మంచి కూలీ గంటకు 20 పౌండ్లు తీస్తే ఆ ఎర్ర యంత్రం వెయ్యి పౌండ్ల దాకా తీసింది. ఆ యంత్రం నిర్మాణం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫార్మాల్ ట్రాక్టర్‌ను తీసుకుని వెనకది ముందు చేశారు. పెద్ద చక్రాలు ముందుకొచ్చాయి, స్టీరింగ్ తిరిగే చిన్న చక్రాలు వెనక్కి పోయాయి. పత్తి పడే పెద్ద బుట్టను అన్నిటికన్నా పైన నిలబెట్టారు. బుట్ట నిండేకొద్దీ గరిమనాభి పైకి పాకుతుంది. వెనక చక్రాలతో తిరిగే బండి కాబట్టి ముందుభాగం ఇటు తిరిగితే తోక అటు విసురుతుంది.

ఆ పాత యంత్రాలను ముచ్చటగా బాగుచేసుకుని ఇప్పటికీ నడిపేవాళ్లు అక్కడ ఉన్నారు. అలాంటి బండికి పాటించాల్సిన పద్ధతులు పెద్ద విద్యలేం కావు. బుట్ట ఖాళీ చేసి, కిందికి దించాకే రోడ్డెక్కాలి. చదునైన నేల మీద తప్ప బుట్ట ఎత్తకూడదు. ఎత్తేముందు పైన తీగలు ఉన్నాయేమో చూడాలి. మలుపుకు ముందే వేగం తగ్గించాలి, మలుపులోకి వెళ్లాక కాదు. నడిపేవాడు తప్ప ఇంకొకరు ఎక్కకూడదు. అక్కడ యంత్రాన్నే ఎత్తుగా కట్టారు, కనుక భయం కళ్లెదుటే కనిపిస్తుంది. ఇక్కడ పొట్టిగా, స్థిరంగా ఉన్న ట్రాలీని మనమే బొంగులు నాటి ఎత్తు చేస్తున్నాం, పైగా ఆ ఎత్తున మనుషుల్ని కూర్చోబెడుతున్నాం.

పాత ట్రాక్టర్, కొత్త తొందర

ట్రాలీ సంగతి సగమే. దాన్ని లాగే ట్రాక్టర్ మాటేమిటి? పల్లెల్లో పదిహేను, ఇరవై ఏళ్ల ట్రాక్టర్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నాయి. దున్నడానికి పనికొచ్చినంత మాత్రాన రోడ్డుకు పనికొచ్చినట్టు కాదు. స్టీరింగ్ చక్రాన్ని కాస్త అటూ ఇటూ తిప్పి చూడండి. చాలా తిప్పాక గానీ ముందు చక్రం కదలకపోతే, ఆ బండికి కాలువ గట్టు మీద పని లేదు.

అందరూ చూసీ పట్టించుకోని చిన్న ఇనుప ముక్క ఒకటుంది. ట్రాక్టర్‌కు కుడికాలి దగ్గర బ్రేకు పెడళ్లు రెండు ఉంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానికి, ఇంకొకటి కుడి చక్రానికి. దున్నేటప్పుడు సాలు చివర గిర్రున తిప్పడానికి ఒక్కదాన్నే తొక్కుతారు. రోడ్డెక్కేముందు ఆ రెండింటినీ కలిపే లాకు వేయాలి. చాలామంది వేయరు. కొన్ని బండ్లకు ఆ లాకు ఎప్పుడో ఊడిపోయింది. ఎదురుగా గేదె వచ్చిందని కంగారులో కాలు ఒక్క పెడల్ మీదే పడితే ఒక చక్రం ఆగుతుంది, రెండోది తిరుగుతూనే ఉంటుంది. ట్రాక్టర్ ఉన్నచోటే మెలితిరిగి పడుతుంది. వెనక ఎత్తుగా పత్తి, దాని మీద మనుషులు ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ట్రాలీల్లో ఎక్కువ వాటికి సొంత బ్రేకు లేదు. పల్లంలో ట్రాలీ బరువంతా ట్రాక్టర్‌ను వెనక నుంచి తోస్తుంది. డీజిలు మిగులుతుందని గేరు తీసి న్యూట్రల్‌లో వదిలే అలవాటు ఇక్కడే ప్రాణం తీస్తుంది. ఇంజను పట్టు వదిలాక ఆ తోపును ఆపేది ఏదీ లేదు. ట్రాక్టర్‌నూ ట్రాలీనీ కలిపే పిన్ను సంగతి మరీ ఘోరం. అసలు పిన్ను పోతే స్లాబుకు వాడే చువ్వ ముక్కను కోసి దూర్చిన బండ్లు ఎన్ని లేవు? అది విరిగినా పట్టి ఉంచే గొలుసు లేకపోతే ట్రాలీ దారి ట్రాలీదే.

బురదలో కూరుకుపోయినప్పుడు ఇంకో ప్రమాదం. వెనక చక్రాలు కదలక, డ్రైవర్ క్లచ్ ఒక్కసారి వదిలి యాక్సిలరేటర్ తొక్కితే, ముందు చక్రాలు పైకి లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. లేవడం మొదలయ్యాక ముప్పావు సెకనులో చేయి దాటిపోతుంది. అరవడానికి కూడా ఆ సమయం చాలదు. ఇలాంటప్పుడు డ్రైవర్‌ను కాపాడేది సీటు వెనక నిలబెట్టే ఇనుప చట్రం, దానితోపాటు సీటు బెల్టు. కొత్త ట్రాక్టర్లకు ఈ చట్రం తప్పనిసరని స్వీడన్ 1959లోనే చట్టం చేసింది. అమెరికాలో 1976 అక్టోబరు 25 తరువాత తయారైన ట్రాక్టర్లను కూలీలతో నడిపించే యజమానులకు ఈ నిబంధన వర్తిస్తుంది. మన పల్లెల్లో తిరిగే పాత ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి నీడకోసం వేసిన రేకు పందిరి తప్ప ఈ చట్రం లేదు. ఆ పందిరి ఎండను ఆపుతుంది, బండి బరువును కాదు.

ఇక తొందర. పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర కోత పడుతుంది, 12 దాటితే ప్రభుత్వ కొనుగోలు సంస్థ సీసీఐ కొనదు. ఆరబెట్టిన పత్తి మంచుకు తడవకముందే చేర్చాలి, తెల్లారేసరికి వరుసలో ఉండాలి. అందుకే రాత్రి ప్రయాణాలు. వెనక లైటు లేదు, ఎర్ర రిఫ్లెక్టర్ లేదు, ఉన్నా వేలాడే పరదా దాన్ని కప్పేసింది. వెనక వచ్చే బైకు కుర్రాడికి చీకట్లో ట్రాలీ కనిపించేసరికి ఆలస్యమైపోతుంది. చేలమీదుగా వేలాడే 11 కేవీ తీగలు పగలు కనిపించినట్టు రాత్రి కనిపించవు. పత్తి కుప్పకు తీగ తగిలినా, సైలెన్సర్ నుంచి నిప్పురవ్వ ఎగిరినా, పైన కూర్చున్నవాడు బీడీ ముట్టించినా, రైతు ఏడాది కష్టం నిమిషాల్లో బూడిద.

రేపు పొద్దున్నే చేయాల్సినవి

రైతన్నలకు ఒక్కటే మాట. పత్తి ఒక బండిలో, మనుషులు ఒక బండిలో. ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడం చట్ట ప్రకారం నేరం. వ్యవసాయానికని బీమా చేయించిన ట్రాక్టర్‌కు ప్రయాణికుల బీమా ఉండదు. జరగరానిది జరిగితే పరిహారం భారం మీ మీదే పడి, ఉన్న నాలుగెకరాలు పోయే ప్రమాదం ఉంది. ఆటో కిరాయి అంతకన్నా చవక. డబ్బా అంచుకు పైన ఎంత ఎత్తు వేయాలో ముందే గీత గీసుకోండి. ఆ గీత దాటితే రెండో ట్రిప్పు వేయండి. పత్తిని డబ్బా అంతటా సమంగా తొక్కించి, వలగానీ పరదాగానీ కప్పి, తాళ్లు అడ్డంగానూ నిలువుగానూ కట్టండి.

డ్రైవర్ తమ్ముళ్లూ, తాళం తిప్పకముందు ఒక చుట్టు తిరగండి. బ్రేకు పెడళ్ల లాకు పడిందా? పిన్ను అసలుదేనా, గొలుసు ఉందా? ఇరుపక్కల టైర్లలో గాలి సమంగా ఉందా? వెనక రిఫ్లెక్టర్ కనిపిస్తోందా? మలుపుకు ముందే గేరు తగ్గించండి. పల్లంలో ఏ గేరుతో ఎక్కగలరో ఆ గేరుతోనే దిగండి. కాలువ కట్ట మీద అంచుకు దూరంగా పోండి. వాన పడి రేగడి నానితే అంచు గట్టిగా కనిపించినా లోపల గుల్లే. ఎదురు బండికి దారివ్వాల్సి వస్తే మీరే వెడల్పైన చోట ఆగండి. మడ్‌గార్డు మీద ఎవరినీ కూర్చోనివ్వకండి. మందు తాగి స్టీరింగ్ పట్టుకోకండి. పదిహేనేళ్ల తమ్ముడికి సరదాకి కూడా ఇవ్వకండి.

కూలీలను కుదిర్చే ముఠా మేస్త్రీలు కిలోకు ఎంత అని మాట్లాడుకునేటప్పుడే పోను రాను బండి ఏదని కూడా మాట్లాడుకోవాలి. కూలి రేటుకు బేరం ఉన్నప్పుడు ప్రాణానికి ఎందుకు లేదు?

అధికారులు చేయాల్సింది రోడ్డు మీద నాలుగు రోజుల తనిఖీ ఒక్కటే కాదు. ప్రతి పత్తి ట్రాలీ చివరికి మార్కెట్ యార్డుకో, జిన్నింగ్ మిల్లుకో రావాల్సిందే. ఇంతకన్నా మంచి తనిఖీ చోటు ఎక్కడుంది? కాంటా దగ్గరే పెడల్ లాకు, పిన్ను, గొలుసు, లైట్లు చూసే మనిషిని ఒకరిని నిలబెట్టండి. రిఫ్లెక్టర్ స్టిక్కర్ లేని ట్రాలీకి అక్కడికక్కడే అంటించి పంపండి. తప్పులు పట్టి వసూళ్లు చేసే బేరంగా దీన్ని మార్చకండి. అమ్మకానికి ఇచ్చే సమయాలను రాత్రి ప్రయాణం అవసరం రాకుండా సర్దండి. కూలీలు ఎక్కువగా వెళ్లే ఊళ్లకు ఈ నాలుగు నెలలైనా పొద్దున, సాయంత్రం ఒక బస్సో ఆటోనో తిరిగేలా చూడండి. ట్రాక్టర్‌కు రాయితీ ఇచ్చే ప్రభుత్వం అదే చేత్తో రక్షణ చట్రానికీ ఇవ్వొచ్చు. కాలువ కట్టల మీద ఎక్కడ ప్రమాదాలు జరుగుతాయో ఊరందరికీ తెలుసు. అక్కడ ఒక అడ్డుగోడ కట్టడానికి ఇంకో చావు కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఒత్తుగా విత్తి యంత్రంతో పత్తి తీసే రోజుల గురించి మన దగ్గరా మాటలు మొదలయ్యాయి. ఆ యంత్రాలు రేపు వస్తే రానీ. వాటిని నడిపేదీ ఇవే గట్ల మీద, ఇవే మలుపుల్లో. ట్రాలీ దగ్గర ఎత్తును గౌరవించడం నేర్చుకోకపోతే, అంతకన్నా ఎత్తైన యంత్రం వచ్చినప్పుడు ఆ పాఠాన్ని శవాల మధ్య నేర్చుకోవాల్సి వస్తుంది.

మొదట చెప్పిన ఆ సాయంత్రం దగ్గరికి ఒకసారి వెళ్దాం. కుప్ప మీద కూర్చున్న పెద్దమ్మకు ప్రమాదం తెలియక కాదు, తెలుసు కాబట్టే "మెల్లగ పోనియ్యి" అంది. ఆమె అడగ్గలిగింది అంతే. "మేము దీని మీద ఎక్కం, వేరే బండి పిలిపించు" అంటే రేపటి నుంచి ఆమెను పనికి పిలవకపోవచ్చు. ఆమె ఆ మాట అన్నా పని పోకుండా చూడాల్సింది చేను ఉన్నవాళ్లు, బండి ఉన్నవాళ్లు, అధికారం ఉన్నవాళ్లు. ఈ సాయంత్రం మీ ఊరి చేలో తాడు బిగించాక ఒక్క నిమిషం ఆగి ట్రాలీ పైకి చూడండి. అక్కడ మనిషి కనిపిస్తే బండి కదలనివ్వకండి.